39 శాతం ఓట్లకు 23 సీట్లు, అదే 39 శాతానికి 11 సీట్లు: ఓటు పద్ధతి, గుర్తు, పోస్టల్ బ్యాలెట్ ఏ పార్టీకి ఎంత బరువు?

గౌతమీ తీరం (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. చాలా రోజులుగా తేలని ఒక లెక్కను మీ ముందు పెడుతున్నాను. 2019 ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో తెలుగుదేశానికి 39 శాతానికి కాస్త పైన ఓట్లు వచ్చాయి, సీట్లు 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు వచ్చినవి కూడా 39 శాతం పైచిలుకే, సీట్లు మాత్రం 11. రాష్ట్రంలో పదిమందిలో దాదాపు నలుగురు ఓటేసిన పార్టీకి 175 స్థానాల సభలో పదో వంతు కూడా దక్కలేదు. ప్రజాతీర్పు అని ఒక్క మాటలో తేల్చేయవచ్చు గానీ, ఆ తీర్పును సీట్లుగా మార్చే యంత్రాంగం అన్ని పార్టీల మీద ఒకే విధంగా పనిచేస్తున్నదా అన్నది నా సందేహం. ఓట్లు లెక్కించే పద్ధతి మాత్రమే కాదు, నామినేషన్ నిబంధనలు, గుర్తుల కేటాయింపు, పోస్టల్ బ్యాలెట్, ఊరికి దూరంగా ఉన్నవారి ఓటు వంటివన్నీ ఇందులోకే వస్తాయని అనుకుంటున్నాను. ఏ పార్టీ మంచిది, ఏది చెడ్డది అన్న వాదన దయచేసి ఇక్కడ వద్దు. దానికి వేరే చర్చలు చాలా ఉన్నాయి.

లెక్కల పిచ్చి

గౌతమీ తీరం గారూ, జవాబు సగం మీ ప్రశ్నలోనే ఉంది. మన దగ్గర రాష్ట్రంలోని ఓట్లన్నీ ఒక కుప్పగా పోసి పార్టీలకు పంచరు. ఏ నియోజకవర్గం కుప్ప ఆ నియోజకవర్గానిదే. అందులో మిగతావారికంటే ఒక్క ఓటు ఎక్కువ తెచ్చుకున్నవారిదే సీటు, తక్కినవారికి పడ్డ ఓట్లు పట్టికలో ఉంటాయి తప్ప సభలో కనిపించవు. కాబట్టి ఎన్ని ఓట్లు వచ్చాయన్నది ఎంత ముఖ్యమో, అవి ఎక్కడ వచ్చాయి, ఎదుటి కుప్ప ఎన్ని ముక్కలుగా ఉంది అన్నవి కూడా అంతే ముఖ్యం.

2009లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రజారాజ్యానికి 16 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. 294లో 18 సీట్లు గెలిచింది. అదే ఎన్నికల్లో మజ్లిస్‌కు రాష్ట్రవ్యాప్తంగా ఒక్క శాతం ఓట్లు కూడా నిండలేదు, కానీ 7 సీట్లు వచ్చాయి. ప్రజారాజ్యం ఓటు శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా పలుచగా పరుచుకుంది. మజ్లిస్ ఓటు పాతబస్తీ దాటి పెద్దగా బయటికి రాదు. నూనెబొట్టు నీళ్లమీద పరుచుకున్నట్టు ఒకటి, ముద్దలా ఒకచోట ఉన్నట్టు మరొకటి. 2018 తెలంగాణ ఎన్నికల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. దాదాపు అన్ని స్థానాల్లో పోటీచేసిన బీజేపీకి 7 శాతం దరిదాపుల్లో ఓట్లు వచ్చి ఒక్క గోషామహల్ దక్కింది. ఎనిమిది చోట్ల మాత్రమే నిలబడ్డ మజ్లిస్ 3 శాతం లోపు ఓట్లతో 7 స్థానాలు గెలిచింది.

మీ 39 శాతం సంగతికి వస్తాను. 2019లో తెలుగుదేశం 39 శాతంతో నిలబడినప్పుడు ఎదురుగా ఉన్న కుప్ప సుమారు 50 శాతం. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ 39 శాతంతో నిలబడినప్పుడు ఎదురుగా ఉన్నది మూడు పార్టీల ఉమ్మడి కుప్ప, అంటే తెలుగుదేశం 45కు పైన, జనసేన 7కు కాస్త తక్కువ, బీజేపీ 3కు కాస్త తక్కువ, వెరసి 55 శాతం. 50 ఎదురుగా ఉంటే 23 మిగిలాయి, 55 ఎదురుగా ఉంటే 11 మిగిలాయి. దీనికి కుట్రలేవీ అక్కర్లేదు. జనసేననే చూడండి: 2019లో ఐదున్నర శాతం ఓట్లకు రాజోలు ఒక్కటే, 2024లో 7 శాతం లోపు ఓట్లకు 21కి 21. ఓటు ఒకటిన్నర శాతం లోపే పెరిగింది గానీ, పోటీ చేసే చోట్లు తగ్గాయి, ఆ చోట్ల మిత్రపక్షాల ఓటు వచ్చి కలిసింది.

పాలపిట్ట

లెక్కల పిచ్చి గారి మాటకు తెలంగాణ 2023 కూడా సాక్ష్యమే. కాంగ్రెస్‌కూ బీఆర్‌ఎస్‌కూ మధ్య ఓట్ల తేడా రెండు శాతం పైచిలుకు మాత్రమే, సీట్లు 64, 39. పొత్తు కుదిరిన సీపీఐ కొత్తగూడెంలో గెలిచింది. పొత్తు కుదరక విడిగా నిలబడ్డ సీపీఎంకు ఒక్కటీ రాలేదు.

అయితే నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది లెక్కింపు కంటే ముందు జరిగే విషయం, అంటే బ్యాలెట్ మీదికి ఎవరు ఎలా ఎక్కుతారన్నది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఆ నియోజకవర్గపు ఓటరు ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు. మిగిలినవారికి పదిమంది కావాలి. జాబితాలో ముందు గుర్తింపు పొందిన పార్టీలవారు, తరవాత నమోదైనా గుర్తింపు లేని పార్టీలవారు, చివర స్వతంత్రులు వస్తారు. ప్రతి వర్గంలోనూ అక్షరక్రమం పాటిస్తారు. గుర్తింపు ఉంటే గుర్తు రాష్ట్రమంతా మీదే, లేకపోతే మీ గుర్తు ఇంకొకరికి కూడా పోవచ్చు. పెద్ద పార్టీవారికి ఈ నిబంధనలు ఉన్నాయన్న సంగతే తెలియనవసరం లేదు. కొత్త పార్టీవారికి మొదటి మెట్టు దగ్గరే అవి కాలికి తగులుతాయి.

గౌతమీ తీరం

పాలపిట్ట గారూ, మా జిల్లాల్లో గాజుగ్లాసు విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. 2019లో జనసేనకు ఆరు శాతం ఓట్లూ రాలేదు, రెండు సీట్లూ రాలేదు; కాబట్టి రాష్ట్ర పార్టీగా గుర్తింపు రాలేదు, గాజుగ్లాసు వారి సొంతం కాలేదు. 2024లో వారు పోటీచేసిన 21 శాసనసభ స్థానాల్లో, 2 లోక్‌సభ స్థానాల్లో ఆ గుర్తు ఇచ్చారు గానీ, మిగిలిన చోట్ల అది ఎవరైనా కోరుకోదగిన గుర్తుగానే ఉండిపోయి కొందరు స్వతంత్రులకు వెళ్లింది. అక్కడ కూటమి తరఫున నిలబడ్డది సైకిల్ లేదా కమలం. జనసేన అభిమాని బూత్‌లోకి వెళ్లి చూస్తే సైకిలూ ఉంది, గ్లాసూ ఉంది. పొత్తు గురించి టీవీలో విన్న ఓటరు సైకిల్ నొక్కుతాడు. గ్లాసు మాత్రమే మనసులో పెట్టుకుని వచ్చిన ఓటరు గ్లాసే నొక్కుతాడు. వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. జనసేన శాసనసభకు పోటీచేస్తున్న చోట్ల లోక్‌సభ స్వతంత్రులకు, లోక్‌సభకు పోటీచేస్తున్న చోట్ల శాసనసభ స్వతంత్రులకు గ్లాసు ఇవ్వబోమని ఎన్నికల సంఘం చెప్పింది. రాష్ట్రంలోని తక్కిన స్థానాల్లో అది కొనసాగింది. 2025 జనవరిలో గుర్తింపు వచ్చాక గానీ ఆ గ్లాసు వారిది కాలేదు. విశ్రాంత పీవో గారు ఈ చర్చ చూస్తుంటే గుర్తుల గురించి ఒక మాట చెప్పాలని కోరుతున్నాను.

విశ్రాంత పీవో

చూస్తూనే ఉన్నాను. ఉపాధ్యాయుడిగా ఉన్న కాలంలో పలుమార్లు పోలింగ్ విధులు చేశాను, వాటిలో ఎక్కువసార్లు ప్రిసైడింగ్ అధికారిగానే. మీరు శాతాల్లో చెబుతున్నది నాకు మనుషుల ముఖాల్లో కనిపించింది కనుక కాస్త విస్తరంగా రాస్తే మన్నించండి.

బ్యాలెట్ యూనిట్ మీద ఒక్కో అభ్యర్థికి ఒక్కో వరుస ఉంటుంది. అందులో వరుస సంఖ్య, పేరు, ఫొటో, నలుపు గీతల్లో గుర్తు, పక్కన నీలం బటన్. ఒక యూనిట్ మీద పదహారు వరుసలకే చోటు. శాసనసభకు, లోక్‌సభకు కలిపి ఎన్నికలు జరిగితే గులాబీ కాగితం శాసనసభది, తెల్ల కాగితం లోక్‌సభది. గుర్తు సైజు బొటనవేలంత. పోస్టరు మీద గులాబీ రంగులో నిగనిగలాడే టీఆర్‌ఎస్ (ఇప్పటి బీఆర్‌ఎస్) కారు ఇక్కడికి వచ్చేసరికి నాలుగు గీతలు, రెండు చక్రాలు. రోడ్డు రోలర్ కూడా నాలుగు గీతలు, రెండు చక్రాలే. చత్వారం ఉన్న కంటికి, అరచీకటి బల్ల మీద, వెనక వరుసలో ఉన్నవారు తొందరపెడుతుంటే రెండూ దగ్గరి చుట్టాల్లా కనిపిస్తాయి.

ఒకసారి డెబ్భై దాటిన ఒక అమ్మ అట్టతెర వెనక్కి వెళ్లి చాలాసేపు రాలేదు. తరవాత తల బయటకు పెట్టి, “సారూ, మా వాళ్లు పైనుంచి రెండోది అన్నరు, ఇక్కడ రెండు డబ్బాలున్నయి, ఏ డబ్బాల రెండోది?” అని అడిగింది. నేను చెప్పకూడదు. ఏజెంట్లు ముగ్గురూ నా ముఖం వైపే చూస్తున్నారు. “గుర్తు చూసి నొక్కమ్మా” అని మాత్రం అన్నాను. బీప్ వినిపించింది. వీవీప్యాట్ అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది. ఆమె అటు చూసే లోపే అది కింద పడిపోయింది. బయటకు వస్తూ, “పడ్డదైతే పడ్డది” అంది. ఆ ఓటు ఏ పార్టీదో నాకు తెలియదు. కానీ ఆ నిమిషంన్నర ఇబ్బంది అందరు ఓటర్లకూ రాదని మాత్రం తెలుసు. వరుసలో ఆమె వెనక ఉన్న డిగ్రీ కుర్రవాడు పది సెకన్లలో పని ముగించుకుని వెళ్లాడు. వృద్ధులు, చదువురానివారు ఏ పార్టీ వైపు ఎక్కువగా ఉంటే, పోలిక ఉన్న గుర్తు వల్ల జరిగే నష్టం ఆ పార్టీకే ఎక్కువ.

మరొక మాట. 1951-52 నాటి మొదటి ఎన్నికల్లో అభ్యర్థికొక పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించేవారు. ఓటరు తన గుర్తున్న పెట్టెలో కాగితం వేస్తే సరి. చదువు రాని దేశానికి గుర్తులే అక్షరాలు. అక్షరాలు ఒకదానికొకటి పోలికగా ఉంటే ‘మ’కూ ‘య’కూ మధ్య ఒకటో తరగతి పిల్లవాడు పడే అవస్థే ఇక్కడా.

పాలపిట్ట

పీవో గారి మాటకు అంకెలు జోడిస్తాను. 2019 లోక్‌సభ ఎన్నికల్లో భువనగిరిలో కాంగ్రెస్ అభ్యర్థి ఐదు వేల పైచిలుకు మెజారిటీతో టీఆర్‌ఎస్ అభ్యర్థిని ఓడించారు. అక్కడ రోడ్డు రోలర్‌కు 27 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. 2020 దుబ్బాక ఉపఎన్నికలో బీజేపీ మెజారిటీ వెయ్యికి కాస్త పైన. చపాతీ రోలర్ గుర్తుకు మూడు వేలకు పైగా పడ్డాయి. 2022 మునుగోడులో నోటాతో కలిపి 48 వరుసలు, మూడు యూనిట్లు నిండుగా. అక్కడ ఒక అభ్యర్థికి ముందు రోడ్డు రోలర్ ఇచ్చి తరవాత మార్చినందుకు రిటర్నింగ్ అధికారినే ఎన్నికల సంఘం పక్కన పెట్టి, గుర్తు తిరిగి ఇప్పించింది. టీఆర్‌ఎస్ పది వేలకు పైగా మెజారిటీతో గెలిచింది గనక ఆ తరవాత ఎవరూ లెక్కలు తీయలేదు.

పెన్నా ఒడ్డు

క్షమించాలి, ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది. ఓడినప్పుడు రోలర్, గెలిచినప్పుడు ప్రజలు అనడం మన పార్టీలకు అలవాటే. ఈ గుర్తులను తీసేయాలన్న పిటిషన్‌ను 2023లో సుప్రీంకోర్టు కూడా తోసిపుచ్చింది. కారుకూ రోలర్‌కూ తేడా ఓటరుకు తెలుసన్నదే అక్కడ వచ్చిన మాట. ఓటరును మరీ అంత అమాయకుడిని చేయడం నాకు నచ్చదు. చిన్న పార్టీవారు పోలిక లేని గుర్తే ఎంచుకోవాలంటే, పెద్ద పార్టీల గుర్తులు పోను వారికి మిగిలేది ఏమిటి? కారుకు రోలర్ పోలిక అంటే రేపు ట్రక్కు, ఆటో, ట్రాక్టరు అన్నీ పోలికే అవుతాయి.

లెక్కల పిచ్చి

మీరిద్దరూ చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. రోలర్‌కు పడ్డవన్నీ కారువే అనడం తప్పు. ఆ అభ్యర్థికి నిజంగానే ఓటేసినవారు కొందరుంటారు, ఎవరో ఒకరికి వేసి బయటపడదామనుకున్నవారు కొందరుంటారు. కానీ భువనగిరిలో ఫలితం తారుమారు కావడానికి అన్నీ అక్కర్లేదు. 27 వేలల్లో ఐదింట ఒక వంతు పొరపాటున పడి ఉన్నా మెజారిటీని మించిపోతుంది. ఆ ఐదో వంతు పొరపాటా కాదా అన్నది ఏ కోర్టులోనూ రుజువు చేయలేరు, ఓటు రహస్యం కనుక. అందుకే ఈ వాదన ఎప్పటికీ తెగదు.

తేడా పడేది ఓటరు తెలివిలో కాదండీ, పొరపాటు ఏ వైపు జరుగుతుందన్నదానిలో. రోలర్‌ను కోరుకున్నవాడు పొరపాటున కారు నొక్కినా కారుకు పెద్దగా ఒరిగేది లేదు, రోలర్‌ను కోరుకున్నవారే తక్కువ కాబట్టి. కారును కోరుకున్నవారు లక్షల్లో ఉంటారు, వారిలో నూటికి ఒకరు పొరబడినా అది వేలల్లో ఉంటుంది. గుర్తుల నిబంధన అందరికీ ఒకటే అయినా నష్టం పెద్ద పార్టీ వైపే ఒరుగుతుంది.

ఓరుగల్లు వాసి

బ్యాలెట్ పొడవు మాట వచ్చింది కనుక నల్లగొండను మరిచిపోకూడదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీటి సమస్య దేశం దృష్టికి తేవడానికి అక్కడ నామినేషన్లు గుట్టలుగా వేశారు, 480 మంది బరిలో నిలిచారు. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచి శాసనసభ స్థానంలో వెయ్యి మంది దాటారు. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది. అప్పట్లో లోక్‌సభకు డిపాజిట్ 500 రూపాయలే. ఆ తరవాత దాన్ని 10,000 చేశారు, పదిమంది ప్రతిపాదకుల నిబంధన తెచ్చారు. దేశం మొత్తం మీద 1996లో 13,952 మంది పోటీచేస్తే 1998లో 4,750 మంది మిగిలారు. ఇప్పుడు లోక్‌సభకు 25,000, శాసనసభకు 10,000, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకు సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డబ్బు గల్లంతు.

పెద్ద పార్టీ ఖర్చులో 25,000 అంటే ఒక సభకు వేసే కుర్చీల అద్దె కూడా కాదు. నీళ్ల కోసం నిలబడ్డ ఊరివాళ్లకు అది ఒక పంట డబ్బు. అయినా 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు వెనక్కి తగ్గలేదు. 185 మంది అభ్యర్థులు, వారిలో 178 మంది రైతులు; నోటాతో కలిపి 186 వరుసలు, బూత్‌కు పన్నెండు బ్యాలెట్ యూనిట్లు. అప్పటి సిట్టింగ్ ఎంపీ 70 వేలకు పైగా తేడాతో ఓడిపోయారు. అది రైతుల నామినేషన్ల వల్లనే అనలేను. కానీ ఆ బల్లల వరుస చూసిన ప్రతి ఓటరుకూ పసుపు ధర గుర్తుకు వచ్చి ఉంటుంది, దాని భారం అధికారంలో ఉన్నవారి మీదే పడుతుంది.

నిర్వాహకులు

చర్చ చక్కగా సాగుతోంది. ఒక అభ్యర్థి మీద వ్యక్తిగత వ్యాఖ్య ఉన్న సందేశాన్ని తొలగించాము. పోస్టల్ బ్యాలెట్ గురించి ఇంకా ఎవరూ రాయలేదు.

విశ్రాంత పీవో

అది కూడా నేనే రాస్తాను, ఎందుకంటే విధుల్లో ఉన్న ప్రతిసారీ నా ఓటు పోస్టల్ ఓటే. మీట నొక్కి వచ్చేవారికి ఇందులోని చిక్కులు తెలియవు. బ్యాలెట్ కాగితం మీద గుర్తు పెట్టి లోపలి కవరులో పెట్టి అంటించాలి. 13ఏ అనే డిక్లరేషన్ మీద సంతకం చేసి, గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరణ సంతకం చేయించి, ఆ డిక్లరేషన్‌నూ లోపలి కవరునూ కలిపి పెద్ద కవరులో పెట్టాలి. డిక్లరేషన్‌ను పొరపాటున లోపలి కవరులో పెట్టినా, దాని మీది బ్యాలెట్ నంబరు కలవకపోయినా, సంతకం మరిచినా ఓటు చెల్లదు. ముప్పై ఏళ్లు పిల్లల జవాబుపత్రాలు దిద్దిన మా సహోద్యోగి ఒకరు రెండో కవరు అంటించేశాక డిక్లరేషన్ బల్ల మీదే ఉండిపోయిందని చూసుకుని చేతులు నలుపుకుంటూ నిలబడిన దృశ్యం నాకింకా గుర్తు.

2024లో ఆంధ్రప్రదేశ్‌లో పేచీ అంతా ఈ 13ఏ దగ్గరే వచ్చింది. ధ్రువీకరించిన అధికారి సంతకం ఉండి, ముద్ర గానీ హోదా గానీ లేకపోతే ఆ ఓటు చెల్లుతుందా? చెల్లుతుందని ఎన్నికల అధికారులు చెప్పారు. వైఎస్సార్ కాంగ్రెస్ హైకోర్టుకు వెళ్లింది. జూన్ 1న అక్కడ, 3న సుప్రీంకోర్టులో వారికి అనుకూలంగా రాలేదు, 4న లెక్కింపు జరిగింది. ఒక రబ్బరు ముద్ర మీద రెండు పక్షాలూ ఇంత పట్టుదలగా ఎందుకు ఉన్నాయి? పాత పింఛను విధానం తిరిగి రాలేదన్న ఉద్యోగుల అసంతృప్తి ఎటు ఓటుగా మారుతుందో ఇద్దరికీ ఒకే అంచనా ఉంది కనుక. ఉద్యోగులు అధికారపక్షానికి అనుకూలంగా ఉన్న మరో సంవత్సరంలో అయితే, అదే ముద్ర గురించి రెండు పక్షాలూ వాదనలు తారుమారు చేసుకుని ఉండేవని నా అనుభవం చెబుతోంది.

పెన్నా ఒడ్డు

ఆ ఎన్నికల్లో మెజారిటీలు వేలల్లో ఉన్నాయి కాబట్టి ముద్ర ఉన్నా లేకపోయినా ప్రభుత్వం మారేదే కదా, మాస్టారూ.

విశ్రాంత పీవో

నిజమే, అక్కడ అది ఫలితాన్ని మార్చలేదు. కానీ 2020లో బీహార్‌లోని హిల్సాలో జేడీయూ అభ్యర్థి 12 ఓట్లతో గెలిచారు. తిరస్కరించిన పోస్టల్ ఓట్లు అంతకంటే చాలా ఎక్కువని ఆర్జేడీ గొడవపడింది. నిబంధన బరువు మెజారిటీని బట్టి తెలుస్తుంది.

పాలపిట్ట

ముద్ర అంటే హైదరాబాద్‌లోని నేరేడ్‌మెట్ డివిజన్ కూడా గుర్తొచ్చింది. 2020 డిసెంబరులో హైదరాబాద్ మహానగర ఎన్నికలు కోవిడ్ వల్ల కాగితపు బ్యాలెట్లతో జరిగాయి. కొన్ని బూత్‌లలో సిబ్బంది ఓటర్లకు స్వస్తిక్ ముద్రకు బదులు వేరే ముద్ర ఇచ్చారు. వాటినీ లెక్కించవచ్చని లెక్కింపు ముందు రాత్రి ఎన్నికల కమిషన్ ఉత్తర్వు ఇస్తే బీజేపీ హైకోర్టుకు వెళ్లింది. నేరేడ్‌మెట్‌లో టీఆర్‌ఎస్ ఆధిక్యం 504, వేరే ముద్ర ఉన్న ఓట్లు 544. ఫలితం కొన్ని రోజులు ఆగింది. చివరికి అవి కూడా లెక్కిస్తే టీఆర్‌ఎస్ ఆధిక్యం పెరిగిందే తప్ప తగ్గలేదు! వివాదం తెచ్చినవారికే అది కలిసి రాలేదు. ఏ నిబంధన ఎవరికి మేలు చేస్తుందో పార్టీలకే ముందుగా సరిగా తెలియదనడానికి ఇంతకంటే ఉదాహరణ దొరకదు.

డాలస్ బాబాయ్

దూరంగా ఉన్నవారి తరఫున రెండు మాటలు. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులకు 2011 నుంచి ఓటు హక్కు ఉంది, కానీ ఆ రోజు ఊళ్లో ఉండి, అసలు పాస్‌పోర్టు చూపించి వేయాలి. 2024లో దేశం మొత్తం మీద దాదాపు 1.19 లక్షల మంది ప్రవాసులు నమోదైతే వచ్చి ఓటేసినవారు మూడు వేలు కూడా లేరు, వారిలో అత్యధికులు కేరళవారు. గల్ఫ్ నుంచి కోళికోడ్‌కు విమానం నాలుగు గంటలు, డాలస్ నుంచి గన్నవరం చేరడానికి రోజున్నర. ఇంటి నుంచే ఓటు వస్తే ఎవరికి లాభమో నేను చెప్పలేను. కానీ ప్రవాసులు ఎటు మొగ్గుతారని ఏ పార్టీ నమ్ముతుందో ఆ పార్టీయే ఆ డిమాండును గట్టిగా వినిపిస్తుంది. హైదరాబాద్ నుంచి పోలింగు ముందు రోజు ఆంధ్రకు కదిలే బస్సుల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. సంక్రాంతి రద్దీకి ఏమాత్రం తీసిపోదు. టికెట్టు కొనగలిగినవాడు, సెలవు దొరికినవాడు వెళతాడు.

నేనుండే దేశంలో కూడా ఇదే కథ. 2020లో పెన్సిల్వేనియాలో తపాలా ఓట్ల కవర్లను పోలింగు రోజు ఉదయం ఏడు దాకా తెరవకూడదు. ఒక పార్టీవారు ఎక్కువగా తపాలాలో, మరో పార్టీవారు ఎక్కువగా బూత్‌లో వేశారు; అందువల్ల మొదటి రాత్రి ట్రంప్ ముందున్నారు, నాలుగు రోజుల తరవాత బైడెన్ గెలిచినట్టు తేలింది. ఓట్లేమీ మారలేదు, విప్పిన వరుస మాత్రమే వేరు. ఆ వరుస చూసి మోసం జరిగిందని నమ్మినవారు మా వీధిలోనే ఉన్నారు. ఇక మీ ప్రజారాజ్యం కథకు ఇక్కడి జోడు రాస్ పెరో: 1992 అధ్యక్ష ఎన్నికల్లో స్వతంత్రుడిగా నిలబడి దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నారు, అధ్యక్షుణ్ని తేల్చే ఎలక్టోరల్ ఓట్లలో (రాష్ట్రాలవారీగా దక్కేవి) ఒక్కటి కూడా రాలేదు.

పెన్నా ఒడ్డు

పద్ధతి మారితే ఫలితం మారడం చూడాలంటే అమెరికా దాకా వెళ్లక్కర్లేదు, బాబాయ్ గారూ. మా సీమలోనే ఉంది. 2023 మార్చి పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు. శాసనసభలో 151 మంది ఉన్న పార్టీ అధికారంలో ఉండగా మూడు పట్టభద్రుల స్థానాలూ తెలుగుదేశానికి వెళ్లాయి. పశ్చిమ రాయలసీమలో మొదటి ప్రాధాన్య ఓట్లలో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థే ముందున్నారు. మామూలు ఎన్నిక అయితే ఆయనే ఎమ్మెల్సీ. కానీ ఇక్కడ సగానికి మించిన కోటా చేరాలి. చేరకపోతే అట్టడుగున ఉన్నవారిని ఒక్కొక్కరినే తొలగిస్తూ వారి రెండో ప్రాధాన్యాన్ని మిగిలినవారికి కలుపుతారు. తెలుగుదేశమూ, వామపక్షాలు బలపరిచిన పీడీఎఫ్ (ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్) కూడా రెండో ప్రాధాన్యం పరస్పరం వేసుకోవాలన్న అవగాహనకు వచ్చాయి. ఎలిమినేషన్లు పూర్తయ్యేసరికి తెలుగుదేశం అభ్యర్థి గెలిచారు. మొదటి ఎంపికగా ఎక్కువమంది కోరుకున్న పార్టీకి ఒక పద్ధతి అనుకూలం, రెండో ఎంపికగానైనా ఎక్కువమంది ఒప్పుకునే పార్టీకి మరొక పద్ధతి అనుకూలం. ఇంతకు ముందు గుర్తుల విషయంలో అభ్యంతరం చెప్పాను గానీ, ఈ విషయంలో నాకే సందేహమూ లేదు.

ఓరుగల్లు వాసి

2021లో మా ఖమ్మం, వరంగల్, నల్లగొండ పట్టభద్రుల స్థానంలో 71 మంది పోటీ. గుర్తులుండవు, పేరూ ఫొటో ఉంటాయి. దుప్పటంత కాగితం మీద వారు ఇచ్చిన వంకాయరంగు స్కెచ్ పెన్నుతో 1, 2, 3 అని అంకెలే వేయాలి. టిక్కు పెట్టినా, ‘ఒకటి’ అని అక్షరాల్లో రాసినా, సంతకం చేసినా చెల్లదు. మా స్థానంలోనూ, హైదరాబాద్, రంగారెడ్డి, మహబూబ్‌నగర్ స్థానంలోనూ చెల్లని ఓట్లు ఇరవై వేలు దాటాయి. అందరూ డిగ్రీ చదివినవారే సుమా! పీవో గారు చెప్పిన అమ్మను చూసి జాలిపడే ముందు మనం ఇది గుర్తుంచుకోవాలి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పట్టభద్రుల ఓటరు జాబితా ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది. కిందటిసారి ఓటేశాను కదా అని నేను ధీమాగా ఊరుకున్నాను. పోలింగు నాడు వెళ్తే నా పేరు లేదు. ఫారం 18 మళ్లీ ఇవ్వాలని అక్కడ చెబితే తెలిసింది. కాలేజీల చుట్టూ, కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగి ఫారాలు నింపించిన పార్టీకి ఎన్నిక సగం అక్కడే అయిపోతుంది.

గౌతమీ తీరం

39 శాతం అడిగితే స్కెచ్ పెన్ను దాకా వచ్చాం, అందరికీ కృతజ్ఞతలు. ఓరుగల్లు గారూ, డిగ్రీ పూర్తయి ఎన్నేళ్లు కావాలి? మా అమ్మాయి పేరు ఎక్కించాలని అనుకుంటున్నాను.

ఓరుగల్లు వాసి

జాబితా తయారయ్యే ఏడాది నవంబరు 1 నాటికి మూడేళ్లు నిండాలి. ధ్రువపత్రం నకలు జత చేయడం మరిచిపోకండి; మీ అమ్మాయితో పాటు మీరు కూడా కొత్తగా ఇవ్వండి, పాత జాబితాను నమ్ముకోవద్దు.